లోబడుట ఎవరికి? మన వివాహ ప్రసంగాలలో ఎఫెసీ 5:21–33 – ఒక పరిశీలన

మన సంఘాలలో వివాహ ఆరాధన జరిగినప్పుడు ఎఫెసీ పత్రిక 5వ అధ్యాయం చదవడం పరిపాటి. అయితే చాలాసార్లు 22వ వచనంతో మొదలుపెడతాము. ప్రసంగంలో ఎక్కువ భాగం వధువుకే చెబుతాము, వరునికి చివరలో రెండు మాటలు. కాపరిగా నేనూ ఎన్నో ఏళ్లు అలాగే చేశాను గనుక ఈ విమర్శ మొదట నాకే వర్తిస్తుంది.

వాక్య సందర్భము

భార్యలను గూర్చిన బోధకు ముందు, విశ్వాసులందరూ ఒకరికొకరు లోబడాలని 21వ వచనం చెబుతున్నది. మిక్కిలి ప్రాచీనమైన పి46, వాటికన్ ప్రతులలో 22వ వచనానికి సొంత క్రియాపదమే లేదు; 21వ వచనంలోని క్రియనే తెచ్చుకోవాలి. తెలుగులో వాక్యం పూర్తి కావాలంటే క్రియ చేర్చక తప్పదు. కాని దానివల్ల రెండు వచనాల మధ్యనున్న ముడి మన కంటికి కనిపించదు. పైగా 6:1, 6:5లో పిల్లలకు, దాసులకు వాడిన 'విధేయత' అనే గ్రీకు క్రియను ఇక్కడ భార్యలకు వాడలేదు.

గృహ నియమావళి

అరిస్టాటిల్ 'రాజనీతి' మొదటి భాగంలో భార్యను, పిల్లలను, దాసులను ఎలా ఏలవలెనో గృహ యజమానికి బోధిస్తాడు. పౌలు ఆ ముగ్గురితోనూ నేరుగా మాట్లాడుతున్నాడు. భార్యలకు మూడు వచనాలైతే, 25 నుండి 33 వరకు ప్రధానంగా భర్తలకే.

"భర్త శిరస్సు అని ఉన్నది కదా?" అని కొందరు అడుగుతారు. ఉన్నది. అయితే ఆ శిరస్సుకు ఇచ్చిన మాదిరి సింహాసనం కాదు, సిలువ. సంఘము కొరకు తన్ను తాను అప్పగించుకొన్న క్రీస్తును చూపిన తరువాత చేయి ఎత్తే హక్కు ఎక్కడినుండి వస్తుంది? ఆనాటి ఇంటి వ్యవస్థను పౌలు పూర్తిగా తొలగించలేదన్నది నిజమే. అయినా 6:5ను చూపి నేడు మనం బానిసత్వాన్ని సమర్థించము. ఈ భాగంలో మాత్రం ఆ జాగ్రత్త ఎందుకు వదిలేస్తున్నాము?

సంఘ పరిచర్య

చాలా ఏళ్ల క్రితం ఒక శనివారం సాయంత్రం ఒక సహోదరి దెబ్బలతో మా ఇంటికి వచ్చింది. నేను ఈ వాక్యమే చదివి, ప్రార్థన చేసి, తిరిగి పంపించాను. మరునాడు ఆమె భర్త ప్రభు బల్ల యొద్ద నా చేతినుండి రొట్టె తీసుకొన్నాడు. ఆమె వెనుక వరుసలోనే కూర్చుండిపోయింది. భార్యను తన శరీరముగా ఎంచుమన్న వాక్యాన్ని ఆ రాత్రి అతనికి వినిపించవలసినది నేనే. వినిపించలేదు.

1869 నాటి విడాకుల చట్టం ప్రకారం క్రైస్తవ స్త్రీకి కేవలం క్రూరత్వం కారణంగా విడాకులు దొరికేవి కావు. 2001 సవరణతో ఆ అన్యాయం తొలగింది. 2005 గృహహింస చట్టం రక్షణ ఉత్తర్వులకు, అదే ఇంట నివసించే హక్కుకు దారి తెరిచింది. చట్టం మారినా మన ప్రసంగం మారలేదంటే సిగ్గుపడవలసినది మనమే. వివాహానికి ముందు ఇచ్చే బోధలో వరుని ఎదుట కూర్చుండబెట్టి 25వ వచనం నుండి చదివిద్దాము. గాయపడి వచ్చిన స్త్రీకి ముందు క్షేమమైన చోటు చూపిద్దాము, తరువాతనే సమాధానమును గూర్చి మాట్లాడుదాము. వేదిక మీద పఠనం మాత్రం ఇకనైనా 21వ వచనంతో ఆరంభిద్దాము.