వైజ్ఞానిక నవలలు – ఒక పాఠకుని అనుభవం

శాస్త్రం బోధించేవారు కట్టుకథలు చదవడమేమిటని అడిగేవారు మనలో ఇప్పటికీ ఉన్నారు. నేను కళాశాలలో భౌతికశాస్త్రం చెప్పేవాణ్ణి. ఉద్యోగంలో చేరిన తొలిరోజులలో నేనూ అలాగే అడిగేవాణ్ణి. ఫిరంగిలో కూర్చుని చంద్రునివద్దకు పోయే మనుషులు, కంటికి కనిపించని మనుషులు, కాలంలో ముందుకూ వెనుకకూ తిరిగే యంత్రాలు – ఇవన్నీ పిల్లల కాలక్షేపానికే తప్ప తరగతి గదికి పనికిరావని నా అభిప్రాయంగా ఉండేది. ఆ అభిప్రాయం ఒక విద్యార్థి వలన ఎలా మారినదో, ఏ మేరకు మారలేదో కూడా ఈ వ్యాసంలో మనవి చేస్తాను.

మా ఇంట్లో పాత చందమామలు బైండు చేయించి ఉంచేవారు. దాసరి సుబ్రహ్మణ్యంగారి “రాకాసిలోయ”, “పాతాళదుర్గం” వంటి ధారావాహికలను నేను అన్నం మరచి చదివినవాణ్ణి. తొమ్మిదవ తరగతి సెలవులలో జూల్స్ వెర్న్ చంద్రయాన కథ చేతికి వచ్చినది. అంతకుముందు చదివిన కథలలో వీరుడు కత్తి దూసి రాక్షసుని ఎదిరించేవాడు. ఇందులో వీరులు బల్లచుట్టూ కూర్చుని లెక్కలు వేస్తారు! లెక్క కూడా కథ కాగలదని నాకు మొదట తెలిసినది అప్పుడే.

ఆ లెక్కలు కేవలం అలంకారానికి పెట్టినవి కావు. 1865లో వెలువడిన ఆ మొదటి నవలలో వెర్న్ 900 అడుగుల పొడవు గల ఫిరంగిని ఫ్లోరిడాలో భూమిలోనికి నిలువుగా దింపినాడు. గుండు వేగం సెకనుకు 12,000 గజాలు ఉండవలెనన్నాడు. అది సుమారు 11 కిలోమీటర్లు. భూమి ఆకర్షణనుండి తప్పించుకొనుటకు కావలసిన పలాయన వేగం 11.2 కిలోమీటర్లని మనం నేడు పాఠాలలో చెపుతున్నాము. విమానం కూడా లేని కాలంలో ఒక నవలాకారుడు ఈ సంఖ్యను ఇంత శ్రద్ధతో పట్టుకొనడం మెచ్చదగినదే.

కాని అదే లెక్కను మరి ఒక్క అడుగు ముందుకు నడిపితే కథ కూలిపోవును. 900 అడుగులంటే 274 మీటర్లు. ఆ దూరంలోనే వేగం సున్ననుండి సెకనుకు 11 కిలోమీటర్లకు పెరగవలెను. ఇంటర్మీడియట్ విద్యార్థికి తెలిసిన సమీకరణంతో త్వరణం కట్టి చూస్తే అది భూమి గురుత్వ త్వరణానికి దాదాపు 22,000 రెట్లు వచ్చును. 60 కిలోల మనిషి ఆ క్షణంలో 1,300 టన్నులకు పైగా తూగును! గుండు ఫిరంగిలో ఉండేది సెకనులో ఇరవయ్యో వంతు మాత్రమే; ఆ స్వల్పకాలం చాలును. అడుగున నీరు నింపి దెబ్బను తగ్గించినట్లు వెర్న్ వ్రాశాడు. దాని వలన ప్రయోజనమేమీ ఉండదు. ఈ లోపం నాకు కళాశాల చదువు రోజులలోనే తెలిసినది. తెలిసినందుకు కొంత గర్వం కూడా కలిగినది. అయితే నేను చూడని లోపం మరొకటి ఉన్నది. అదే నన్ను తరగతిలో పట్టించినది.

అధ్యాపకుడనైన రెండవ సంవత్సరంలో గురుత్వాకర్షణ పాఠం చెపుతుండగా, అంతరిక్ష నౌకలోని మనిషికి బరువు ఎక్కడ పోవునని ఒక విద్యార్థి అడిగినాడు. నేను తడుముకోకుండా, భూమి ఆకర్షణా చంద్రుని ఆకర్షణా సరిసమానమైన చోట అని జవాబు చెప్పాను. భూమినుండి చంద్రునికి గల దూరంలో పదింట తొమ్మిది వంతులు పోయిన తరువాత ఆ స్థానం వస్తుందని నల్లబల్లమీద కట్టి చూపించాను కూడా. ఆ స్థానం లెక్క సరియైనదే. ప్రశ్నకు అది జవాబు మాత్రం కాదు. తరువాతి వారం ఆ విద్యార్థి వెర్న్ రెండవ నవలను, 1870లో పుస్తకరూపంలో వచ్చిన “చంద్రుని చుట్టూ”ను చేతపట్టుకొని వచ్చినాడు.

“సార్, ఇందులో కుక్క చచ్చిపోతుంది. దాన్ని బయటికి తోసేస్తారు. అది కిందికి పడిపోకుండా నౌక పక్కనే వస్తుంది. బయటి కుక్క నౌకతోపాటు వస్తున్నప్పుడు లోపలి మనిషి మాత్రం నేలకు ఎందుకు అంటుకొని ఉంటాడు?” అని అడిగినాడు.

నాకు వెంటనే మాట రాలేదు. అతడు చెప్పినది అక్షరాలా నిజం. ఇంజను లేకుండా ఆకర్షణకు లోబడి పోయే నౌకా, దానిలోని మనిషీ, బయటి కుక్క కళేబరమూ ఒకే త్వరణంతో కదులుతూ ఉంటాయి. అందుచేత నేల మనిషిని పైకి నొక్కదు. బరువు తెలియడమంటే ఆ నొక్కుడు తెలియడమే. ఫిరంగినుండి వెలువడి వాతావరణం దాటిన క్షణంనుండీ ప్రయాణికులు తేలుతూనే ఉండవలెను. ఆకర్షణ లేనందున తేలుతారనుకోవడం పొరపాటు. భూమికి 400 కిలోమీటర్ల ఎత్తున తిరిగే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం వద్ద కూడా నేలమీది ఆకర్షణలో 88 శాతం ఉన్నది. అయినా అందులోనివారు తేలుతున్నారు.

వెర్న్ బయటి కుక్క విషయంలో సరిగా ఆలోచించి, లోపలి మనుషుల విషయంలో తప్పినాడు. నేను ఆ తప్పును పదిహేనేళ్ల వయసులో మింగి, ఎం.ఎస్సీ. పట్టా పుచ్చుకొన్న తరువాత కూడా విద్యార్థులకు వడ్డించాను. ఇన్ని పాఠ్యగ్రంథాలు చదివినా ఆ నవల వేసిన ముద్ర చెరగలేదు. దానిని చెరిపినది మళ్లీ ఆ నవలే. వైజ్ఞానిక నవల బలమూ ప్రమాదమూ రెండూ ఇందులోనే కనిపించుచున్నవి. మరునాడు తరగతిలో నా తప్పును ఒప్పుకొని, కుక్క కథతోనే పాఠం తిరిగి చెప్పాను. ఆ ఏడాది ఆ పాఠం మరచినవారు లేరు.

ఆ తరువాత నేను ఈ నవలలను మరొక దృష్టితో చదవసాగాను. 1901లో హెచ్.జి. వెల్స్ “చంద్రునిలో మొదటి మానవులు” ప్రకటించాడు. ఇందులో ఫిరంగి లేదు. ఆకర్షణను అడ్డుకునే కేవరైట్ అనే కల్పిత పదార్థం ఉన్నది. దీనిమీద వెర్న్‌కు కోపం వచ్చినది. తాను భౌతికశాస్త్రాన్ని వాడుకొన్నాననీ, వెల్స్ కల్పిస్తున్నాడనీ, ఆ లోహాన్ని చూపించమనీ ఆయన 1903లో ఒక పత్రికా ప్రతినిధితో అన్నాడు. ఆక్షేపణ న్యాయమైనదే. ఒక చక్రంలో సగభాగం కింద కేవరైట్ పలక ఉంచితే రెండవ సగం బరువుకు చక్రం ఎన్నటికీ ఆగకుండా తిరుగును. శక్తి నిత్యత్వ నియమం గాలికి పోవును. కాని తెరలన్నీ మూసిన వెల్స్ గోళంలో మనుషులు తేలుతారు, సామానులు తేలుతాయి. నిజమైన ఫిరంగితో బయలుదేరిన వెర్న్ మనుషులను నేలమీద నిలబెట్టినాడు. లేని లోహంతో బయలుదేరిన వెల్స్ వారిని గాలిలో తేల్చినాడు. ప్రయాణికుల అనుభవం విషయంలో ఎవరు సత్యానికి దగ్గరగా ఉన్నారో పాఠకులే చెప్పగలరు.

వెల్స్ పద్ధతి ఏమనగా, అసాధ్యమైన విషయం ఒక్కటి మాత్రమే అడిగి తీసుకొని, తక్కినదంతా మామూలు లోకంలాగే నడిపించడం. 1897 నాటి “అదృశ్య మానవుడు” దీనికి మంచి ఉదాహరణ. గాజుపొడి గాలిలో తెల్లగా కనిపించును. నీటిలో వేస్తే దాదాపు మాయమగును. రెండింటి వక్రీభవన గుణకాలు దగ్గరగా ఉండడమే కారణం. మిరపకాయ బజ్జీలు కట్టి ఇచ్చిన కాగితం నూనె అంటినచోట వెలుగును పంపడం మనమందరం చూచినదే. ఈ సూత్రాన్నే శరీరానికి వర్తింపజేసి గ్రిఫిన్ అనే శాస్త్రజ్ఞుడు అదృశ్యుడగును. అలాంటివాడు గుడ్డివాడు కావలసి ఉంటుందని నేను పాఠకులలో మొదటివాణ్ణయినట్లు విమర్శించేవాణ్ణి. యాకొవ్ పెరల్మన్ ఆ మాట చాలాకాలం క్రిందటే చెప్పియున్నాడు. అంతకన్న చిత్రమేమనగా, వెల్స్‌కే ఆ అనుమానం వచ్చినది. గ్రిఫిన్ కంటి నేత్రపటలం వెనుక పొగమంచుకన్న పలుచని రంగు మిగిలినట్లు ఆయన వ్రాశాడు. వెలుగును పట్టుకొనుటకు అది కొంత సాయపడునేమో; కాని కంటి కటకం గుణకం గాలితో సమానమైతే కిరణాలు వంగవు, ప్రతిబింబం ఏర్పడదు. కనుక గ్రిఫిన్‌కు చూపు రాదు. అయినా తన కథలోని చిల్లును తానే చూచి పూడ్చుటకు ప్రయత్నించిన రచయితను నేను గౌరవిస్తాను.

అన్ని తప్పులూ రచయితవి కావు. 1895లో వచ్చిన “కాలయంత్రం” చివర, 3 కోట్ల సంవత్సరాలకు పైబడిన భవిష్యత్తులో సూర్యుడు ఆకాశంలో పెద్ద భాగం ఆక్రమించిన ఎర్రని గుమ్మటంగా కనిపించును. సముద్రతీరం చలిలో నిర్జనంగా ఉంటుంది. 1991లో సింగీతం శ్రీనివాసరావుగారి “ఆదిత్య 369” చూచి కాలయంత్రమంటే వినోదమని తలచిన నాకు ఆ తీరం చదివినప్పుడు ఒళ్లు జలదరించినది. సూర్యుడు అంత త్వరగా ఎందుకు ఆరిపోవలెను? వెల్స్ నాటికి రేడియోధార్మికత తెలియదు. అది 1896లో బయటపడినది. సూర్యుని వేడి సంకోచం వలన పుడుతుందని కెల్విన్ వంటి పెద్దలు లెక్కకట్టి, దాని ఆయువు కొన్ని కోట్ల సంవత్సరాలే అన్నారు. కేంద్రక సంలీనం తెలిసిన మనం సూర్యుని వయస్సు 460 కోట్ల సంవత్సరాలనీ, ఇంకా సుమారు 500 కోట్ల సంవత్సరాలు వెలుగుతుందనీ చెపుతున్నాము. పాతబడిన నవల ఆనాటి శాస్త్రం ఎంతవరకు వచ్చినదో చూపించే మైలురాయి.

ఇక మాయలూ మంత్రాలూ గల నవలల సంగతి. వీటిపై నా చిన్నచూపు చాలాకాలం పోలేదు. ఉర్సులా లెగ్విన్ 1968లో వ్రాసిన “ఎర్త్‌సీ మాంత్రికుడు” చదివిన తరువాత పోయినది. ఇందులో గెడ్ అనే కుర్రవాడు మాంత్రిక విద్య నేర్చుకొనుటకు రోక్ ద్వీపంలోని పాఠశాలకు వెళ్తాడు. మంత్రం ఇచట ఉచితంగా లభించదు. వస్తువు అసలు పేరు తెలియనిదే దానిమీద అధికారం లేదు. ఒకచోట వాన కురిపిస్తే మరొకచోట కరువు రావచ్చును. తోటివాని ముందు గొప్పకు పోయి గెడ్ చేసిన ఒక్క పని నీడ రూపంలో అతనిని ద్వీపంనుండి ద్వీపానికి తరుముతుంది. శాస్త్రం ఒక్క ముక్క లేని ఈ కథలో, చేసిన ప్రతి పనికీ ఎక్కడో ఒకచోట జమాఖర్చు కనిపించును. ప్రయోగశాలలో నేను విద్యార్థులకు నేర్పదలచిన గుణం ఇదే గదా!

ఇటీవలి వానిలో నాకు నచ్చినది ఆండీ వియర్ 2011లో వెలువరించిన “ది మార్షియన్”. అంగారకునిపై ఒంటరిగా మిగిలిన వృక్షశాస్త్రజ్ఞుడు బంగాళాదుంపలు పండించి బ్రతుకుతాడు. నీటికోసం హైడ్రజీన్ ఇంధనాన్ని ఉత్ప్రేరకంతో విడగొట్టి, వచ్చిన హైడ్రోజన్‌ను మండిస్తాడు. కిలో హైడ్రజీన్‌లో 125 గ్రాముల హైడ్రోజన్ ఉన్నది. అది కిలో ఆక్సిజన్‌తో కలిసి 1.125 కిలోల నీరగును. ఈ లెక్క పదవ తరగతివారు కూడా వేయగలరు. తన ఊపిరితో బయటికి వచ్చే ఆక్సిజన్‌ను లెక్కలో చేర్చడం మరచినందుకు కథానాయకుడు పేలుడులో చిక్కుకొనును. కథకు ఆధారమైన తుఫాను మాత్రం అసంభవం. అక్కడి గాలి సాంద్రత మన గాలిలో సుమారు అరవయ్యో వంతు. గంటకు 175 కిలోమీటర్ల వేగం గల ఆ గాలి, ఇక్కడ 22 కిలోమీటర్ల గాలి తోసినంత మాత్రమే తోయగలదు. జెండా రెపరెపలాడును గాని నౌక ఒరగదు. తెలిసియే ఈ తప్పు చేసినట్లు రచయిత ఒప్పుకొన్నాడు.

ఇంతకును నాకు మారని అభిప్రాయం ఒకటి ఉన్నది. శాస్త్ర పదాలను మంత్రాలవలె చల్లి, క్వాంటమ్ అనో తరంగాలనో అంటూ ఏ నియమానికీ కట్టుబడని నవలలు కొన్ని వస్తున్నవి. వాటికన్న చందమామలోని మాంత్రికుడే నయం. అతడు తనది మంత్రమని చెప్పి మరీ చదువుతాడు, శాస్త్రమని నమ్మించడు.

ఉపాధ్యాయ మిత్రులకు నా మనవి ఒక్కటే. పిల్లల చేతిలో ఇటువంటి నవల కనిపిస్తే లాగికొనవద్దు. రచయిత ఏ ఒక్క అసాధ్యాన్ని అడిగి తీసుకొన్నాడో, తక్కిన నియమాలను ఎచట పాటించినాడో, ఎచట తప్పినాడో ఒక కాగితంమీద వ్రాసి తెమ్మనండి. తప్పు పట్టినవానికి మార్కులు వేయండి. ఆ తప్పు మనదే అయినా సరే, వేయండి. కుక్కను గురించి నన్నడిగిన విద్యార్థికి నేను ఆనాడు మార్కులు వేయలేదు. ఆ బాకీ ఈ వ్యాసంతో కొంత తీర్చుకొంటున్నాను.