లేకపోతే లేదనే రాయండి

రొయ్యలు వలిచే పీలింగ్ షెడ్డుకు వెళ్తే యజమాని ముందు చూపించేది ఫైలు. మెరిసే కవరు, లోపల వరుసగా విధాన పత్రాలు: బాలకార్మికులు లేరు, నిర్బంధ శ్రమ లేదు, ఫిర్యాదుల పెట్టె ఉంది. డబ్బిస్తే ఇలాంటివి తయారుచేసి ఇచ్చేవాళ్ళున్నారు. హడావిడిలో ఏదో ఒక పేజీలో పక్క ఊరి షెడ్డు పేరు మిగిలిపోతుంటుంది. నేను ఆ ఫైలు పక్కన పెట్టి మేస్త్రి దగ్గరుండే పుస్తకం అడుగుతాను. రొయ్య నీళ్ళు పడి అట్టలు ఉబ్బిపోయిన ఆ పుస్తకంలోనే ఎవరు ఎన్ని కిలోలు వలిచారో, ఎవరికెంత అడ్వాన్సు ముట్టిందో ఉంటుంది. విదేశీ కొనుగోలుదారు పంపే ప్రశ్నావళికి నిజమైన జవాబులూ అందులోనే ఉంటాయి. ఆ జవాబులు బయటికి తీసి రాయించడమే నా పని.

గోదావరి జిల్లాల రొయ్యల రైతుకు పరీక్షలు కొత్త కాదు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ అవశేషాలు దొరికి కంటైనర్లు వెనక్కొచ్చిన రోజుల్నుంచే సముద్ర ఉత్పత్తుల ఎగుమతులు చూసే కేంద్ర సంస్థ ఎంపెడాలో చెరువు నమోదు, యూరప్ సరుకైతే పట్టుబడికి ముందే నమూనా పరీక్ష అలవాటయ్యాయి. 2018 ఆఖరు నుంచి అమెరికా కూడా ఏ చెరువు సరుకో చెప్పమంటోంది. అవన్నీ రొయ్య గురించిన ప్రశ్నలు. ఇప్పుడు రొయ్య వలిచే మనిషి గురించి అడుగుతున్నారు. 2013లో ఢాకా దగ్గర బట్టల ఫ్యాక్టరీలున్న రాణా ప్లాజా భవనం కూలి 1,100 మందికి పైగా చనిపోయాక పెరిగిన ఒత్తిడి 2017లో ఫ్రాన్స్‌ చేత, సరఫరాదారుల దగ్గరి మనుషుల పరిస్థితికీ పెద్ద కంపెనీలే బాధ్యత పడాలనే చట్టం చేయించింది. అలాంటిదే జర్మనీ చట్టం 2023లో అమల్లోకి వచ్చింది. యూరోపియన్ యూనియన్ 2024లో తన చట్టం చేసి, మరుసటేడే దాన్ని సడలించే పనిలో పడింది. అదే 2024లో అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ మన తీరంలోని షెడ్ల గురించి రాసింది. నిర్బంధ శ్రమ ఆనవాళ్ళున్న సరుకుల జాబితాలో అమెరికా కార్మిక శాఖ భారత రొయ్యను చేర్చింది.

అన్నిటికన్నా చిక్కు అడ్వాన్సుతోనే. ‘అప్పుకు కట్టుబడి పనిచేసేవాళ్ళున్నారా?’ అని ప్రశ్న. “అబ్బే, అదేం మాటండీ!” అంటాడు యజమాని. మరి అడ్వాన్సు ఇస్తారా అంటే, “ఇవ్వకపోతే పనికెవరొస్తారండీ?” అంటాడు. రెండు మాటలూ మనస్ఫూర్తిగానే అంటాడు. పిల్ల పెళ్ళికో, ఆసుపత్రికో తీసుకున్న డబ్బును ఆయన సాయమనే అనుకుంటాడు, చాలాసార్లు అది సాయమే. అందుకే నా ప్రశ్నలు వేరేగా ఉంటాయి. బాకీ తీరకముందే అడ్వాన్సు తీసుకున్నావిడ ఇంకో షెడ్డుకు పోతానంటే పోనిస్తారా? ఆధార్ కార్డు ఎవరి దగ్గరుంది? వారానికెంత కోస్తున్నారో ఆవిడకు తెలుసా? మొదటి ప్రశ్న దగ్గరే ఆయన మేస్త్రి వైపు చూస్తాడు. మన 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం కూడా పట్టుకునేది ఇక్కడే: అడ్వాన్సు చూపించి మనిషిని కదలనివ్వకపోవడం, లేదా కనీస వేతనం కన్నా తక్కువకు పనిచేయించుకోవడం.

ఆ రెండోది కిలో లెక్కలో దాక్కుంటుంది. కౌంటంటే కిలోకు తూగే రొయ్యల సంఖ్య. ముప్పై కౌంటు వచ్చిన రోజు కూలి బాగానే గిడుతుంది. వంద కౌంటు వచ్చిన రోజు కిలో తూగేసరికే వేళ్ళు చచ్చుబడతాయి. అందుకని ప్రతి షెడ్డులోనూ చిన్న కౌంటు రోజుల కూలిని గంటల్లోకి మార్చి, కనీస వేతనం పక్కన పెట్టి చూపిస్తాను. ఆ లెక్క ఎప్పుడూ వేయని యజమానులే ఎక్కువ. దురుద్దేశం ఉండక్కర్లేదు, కిలో లెక్క అలవాటు చాలు.

లోటు కనబడ్డాక అసలు బేరం మొదలవుతుంది. ప్రశ్నావళిలో ‘ఉంది’ అని పెట్టేద్దామంటారు. లేకపోతే లేదనే రాయండి, పక్కనే ఎప్పటికి చేస్తారో రాయండి అంటాను. “ఆర్డరు పోతే మీరిస్తారా?” అంటారు. ఆ భయం ఉత్తది కాదు, నేను హామీ ఇవ్వలేను. కానీ జర్మనీ చట్టం అడిగేది ప్రయత్నం, ఫలితానికి పూచీ కాదు. లోపం కనబడితే ముందు సరిచేయించాలి, సంబంధం తెంచుకోవడం ఆఖరి మెట్టు. పైగా చిన్న షెడ్డుకు ఆ చట్టం నేరుగా వర్తించదు. బాధ్యత వెయ్యిమందికి తగ్గకుండా ఉద్యోగులున్న అక్కడి కంపెనీలది. దాన్ని గంపగుత్తగా చిన్న సరఫరాదారు నెత్తిన పెట్టకూడదని, ముప్పు ఎక్కడుందో చూసుకోకుండా అందరికీ ఒకే ప్రశ్నావళి పంపకూడదని చట్టం అమలు చూసే బాఫా అనే జర్మన్ ప్రభుత్వ కార్యాలయం 2023లోనే చెప్పింది. మా ఉండి, ఆకివీడు వైపు ఈ సంగతి విన్నవాళ్ళు తక్కువ.

షెడ్డుతో పోలిస్తే చెరువు దగ్గర నా పని తేలిక. ఏజెంటు లారీలో రెండు మూడు చెరువుల సరుకు కలవకుండా ట్రేలకు చీటీలు కట్టించడం, చీటీ నంబరు కాటా పుస్తకంలో ఎక్కించడం, అంతే. రైతుకది ఒక్క పట్టుబడిలో వంటబడుతుంది.

షెడ్డులో నాకు కష్టమనిపించేది కొనుగోలుదారు ఆడిట్‌కు ముందురోజు వచ్చే ఫోను. “మా ఆడవాళ్ళకు ఏం చెప్పాలో కాస్త నేర్పండి మాస్టారూ.” నేర్పను. వలుపు బల్ల దగ్గర ఇరవై ఏళ్ళు నిలబడ్డ మనిషికి తన పని గురించి నేను జవాబు నేర్పడమేమిటి? ఫిర్యాదుల పెట్టె సంగతి అడిగితే ఒకావిడ నవ్వేసింది. “రాయడం వచ్చినవాళ్ళం ఇద్దరమే బాబూ, చీటీ పడితే ఎవరిదో తెలీదా?” పెట్టె తీయించి, షెడ్డుతో సంబంధం లేని మనిషి ఫోను నంబరు గోడకు రాయించాం. ప్రశ్నావళిలో ‘ఫిర్యాదుల పెట్టె: లేదు’ అని పడింది, కింద కారణం కూడా.

నేను చూసిన ప్రశ్నావళుల్లో ‘మేమిచ్చే ధరకు ఈ కూలి గిడుతుందా?’ అన్న ప్రశ్న ఇంతవరకు తగల్లేదు. 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి చేరి ఇక్కడ కౌంటు ధరలు పడ్డప్పుడూ ప్రశ్నలు మాత్రం తగ్గలేదు. అందుకని ఆఖరి పేజీలో ‘ఇతర వివరాలు’ అనే గడి కనబడితే ఖాళీగా వదలనివ్వను. కనీస వేతనం ఇస్తే కిలో వలుపుకు ఎంత పడుతుందో, సరుకు తీసుకునే ఎగుమతి ప్లాంటు నుంచి ఎంత వస్తోందో, రెండు అంకెలూ పక్కపక్కన రాయిస్తాను. ఆ గడికి జవాబు రావడం అరుదు. కానీ రేపు కొనుగోలుదారును వాళ్ళ ప్రభుత్వం అడిగినప్పుడు, ఆ కాగితం వాళ్ళ ఫైల్లో కూడా ఉంటుంది.