హెమ్లాక్ కప్పు కింద జింకల బాటలు

మంచు దేశాల జంతువుల కాళ్లను గమనిస్తే ప్రకృతి ఒక్కో దానికి ఒక్కో ఉపాయం ఇచ్చినట్టు కనిపిస్తుంది. కారిబూకు వెడల్పాటి గిట్టలున్నాయి, మంచు మీద అంతగా దిగబడవు. మూస్‌కు పొడుగాటి కాళ్లున్నాయి, దిగబడినా దాటుకుపోతుంది. అమెరికా ఈశాన్య మూలన ఉన్న మెయిన్, న్యూయార్క్ ఉత్తరాన అడిరాండాక్ కొండలు, కెనడాలోని క్విబెక్, ఈ చల్లని అడవుల్లోనూ బతికే తెల్లతోక జింకకు మాత్రం ఆ రెండూ లేవు. గిట్ట సన్నం, మొన తేలి ఉంటుంది. ఛాతీ నేలకు సుమారు 20 అంగుళాల ఎత్తులోనే ఉంటుంది. మంచు అంతకు మించి పేరుకుంటే అది నడవలేదు, గెంతుతూ ఈదినట్టు పోవాలి.

మంచు లోతు పెరిగేకొద్దీ నడకకు పట్టే శక్తి అదే పాళ్లలో పెరగదు. మోకాలు దాటాక ఒక్కసారిగా ఎగబాకుతుంది. ఆ రోజుల్లో దొరికే తిండి పుల్లలు, మొగ్గలు. అవి తిని అంత నడక నడిస్తే గిట్టుబాటు కాదు. అందుకే అడుగు లోతు మంచు పడేసరికి జింకలు వేసవి మేత చోట్లు వదిలి, కొన్ని మైళ్ల కొద్దీ నడిచి, ఏటా వెళ్లే ఒక విడిదికి చేరుకుంటాయి. అక్కడివాళ్లు దాన్ని డీర్ యార్డ్ అంటారు. దాన్ని దొరికిన చోటు అనడం కంటే కట్టుకున్న చోటు అనడమే సరైనదని నాకనిపిస్తుంది.

కప్పు చెట్లది. ఏటి ఒడ్డునో, బాడవలోనో, దక్షిణానికి వాలిన గుట్ట మీదనో దట్టంగా పెరిగిన హెమ్లాక్, తెల్ల సీడార్, ఫర్, స్ప్రూస్. మేపుల్, బీచ్ చెట్లు ఆకు రాల్చి మోడుల్లా నిలబడే కాలంలో ఇవి పచ్చగా ఉంటాయి. వీటిలో హెమ్లాక్ పనితనం వేరు. దాని ఆకులు పొట్టి సూదులు, రెమ్మకు రెండు పక్కలా బల్లపరుపుగా పరుచుకుంటాయి. నీడలోనూ ఎండిపోవు కాబట్టి పై కొమ్మ కింద మరో కొమ్మ, దాని కింద ఇంకొకటి పచ్చగానే ఉండి, పొరల మీద పొరలుగా కప్పు వేస్తాయి. పడిన మంచులో కొంత ఆ కొమ్మల మీదే నిలిచి, నీరు కాకుండానే ఆవిరై గాలిలో కలిసిపోతుంది. కొంత ముద్దలుగా జారిపడి కింది మంచును గట్టిపరుస్తుంది. ఆరుబయట ఉన్న లోతులో తరచు సగమే ఇక్కడ ఉంటుంది. ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రి నేల వేడీ ఒంటి వేడీ పైకి పోకుండా ఈ కప్పు అడ్డుకుంటుంది, గాలినీ ఆపుతుంది. గాలివానకు విరిగిపడిన కొమ్మలు, చెట్ల నుంచి రాలే గడ్డం లాంటి లైకెన్ తిండిగానూ అందుతాయి. సీడార్ ఆకు వాటికి అన్నిటికంటే ఇష్టం.

ఇక జింకల పని, బాటలు. నన్ను ఎక్కువసేపు ఆపేది ఇదే. ముందు జింక మంచు తొక్కుకుంటూ పోతుంది, వెనకవి ఆ అడుగుల్లోనే అడుగు వేస్తాయి. వెనక గిట్ట ముందు గిట్ట జాడలోకే దిగుతుంది. పది జింకలు పోయేసరికి మంచు నొక్కుకుని బాట గట్టిపడుతుంది. రాత్రి మళ్లీ మంచు కురిస్తే పొద్దున్నే మళ్లీ తొక్కుతాయి. నెల తిరిగేసరికి అది రెండు వైపులా మంచు గోడలున్న కాలువలా తయారవుతుంది. పడక నుంచి మేతకు ఒకటి, ఎండ పడే వాలుకు ఒకటి, అక్కడినుంచి మరో సీడార్ గుంపుకు ఇంకొకటి. ఎక్కడో ఒకచోట అన్నీ కలుస్తాయి, మళ్లీ చీలిపోతాయి. తోడేలు జాతికి చెందిన కొయోటీ తరిమినప్పుడు ప్రాణం కాపాడేది ఈ చీలికలే. మంచు పైన పెంకు కట్టిన రోజున కొయోటీ దాని మీద తేలికగా పరుగెడుతుంది, జింక గిట్ట మాత్రం గుచ్చుకుపోతుంది. అప్పుడు తొక్కిన బాట ఒక్కటే దారి.

ఒంటరి జింక ఇంత దారిని తెరిచి ఉంచలేదు. జింకలు వెచ్చదనం కోసం గుమిగూడతాయని తోచవచ్చు గానీ, గుంపు వల్ల వాటికి దక్కే పెద్ద లాభం బాటే. తన కాలికున్న లోటును పదిమంది కాళ్లతో పూడ్చుకోవడం ఈ విడిదిలోని అసలు నేర్పు.

ఒళ్లు కూడా పొదుపు నేర్చింది. చలికాలపు పై వెంట్రుకల లోపల గాలి నిండి ఉంటుంది, వాటి కింద మెత్తటి ఉన్ని. ఒంటి వేడి బయటికి ఎంత తక్కువ వస్తుందంటే వీపు మీద పడిన మంచు కరగదు. ఇంకా ఆశ్చర్యం ఏమిటంటే, దొడ్డిలో పెట్టి కడుపునిండా మేత వేసినా జింక చలికాలంలో తక్కువే తింటుంది. అడవిలో శరత్తులో పోగుచేసుకున్న కొవ్వును నిదానంగా ఖర్చు చేస్తూ, ఎక్కువసేపు పడుకుని, వసంతానికి బరువులో అయిదో వంతుకు పైగా కోల్పోయి బయటపడుతుంది. పుల్లలు అరిగించుకోవడానికి అలవాటుపడిన దాని కడుపులోకి జాలిపడి ఒక్కసారిగా మొక్కజొన్న గింజలు పోస్తే, లోపల ఆమ్లం పెరిగి నిండు కడుపుతోనే చచ్చిపోవచ్చు.

విడిది దారి కూనకు తల్లి చూపిస్తుంది. మొదటి చలికాలం తల్లి వెంట నడిచి నేర్చుకున్న దారి, అది తన పిల్లలకు నేర్పుతుంది. అలా కొన్ని విడుదులు జింకల తరాలు మారినా అవే చోట్ల నడుస్తున్నాయి. ఈ గట్టితనమే ప్రమాదం కూడా. చెట్లు కొట్టేసిన చోటికీ జింకలు పాత అలవాటుగా వచ్చి, కప్పు లేని మంచులో చిక్కుకుంటాయి. మెయిన్‌లో 1970, 80 దశకాల్లో స్ప్రూస్ బడ్‌వర్మ్ అనే పురుగు ఫర్ అడవులను తినేసింది. ఎండిన చెట్ల కోసం జరిగిన నరుకుడుతో కలిసి ఎన్నో విడుదుల కప్పు ఊడింది.

ఈ కట్టడంలో ఒక లోపం జింకల వల్లే ఉంది. కప్పు కింద మొలిచే హెమ్లాక్, సీడార్ మొక్కలను అవే కొరికేస్తాయి. సెయింట్ లారెన్స్ సింధుశాఖలోని అంటికోస్టి దీవిలో ఇది కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. 1895లో ఆ దీవి కొన్న ఫ్రెంచి చాక్లెట్ వ్యాపారి ఆన్రీ మెనియే సుమారు 220 జింకలను తెచ్చి వదిలాడు. వాటిని వేటాడే తోడేళ్లు అక్కడ లేవు. జింకలు వేలకు వేలై, తమకు నీడా తిండీ రెండూ అయిన బాల్సమ్ ఫర్ లేత మొక్కలను పెరగనివ్వడం లేదు. ముసలి ఫర్‌లు పడిపోయిన చోట జింకలు అంతగా ముట్టని తెల్ల స్ప్రూస్ అడవి వస్తోంది.

అందుకే మెయిన్‌లో విడిది అడవిని చూసుకునే ఫారెస్టర్లు మొత్తం తోపును ఒకేసారి ముట్టుకోరు. కప్పు ఇచ్చే పెద్ద చెట్లను చాలామేర నిలిపి, మిగతాది విడతలుగా, మధ్యలో ఏళ్లు గడవనిచ్చి కోస్తారు. ఏటి వెంబడి ఒక తోపును మరో తోపుతో కలిపే చెట్ల వరసను కోతకు వదలరు. జింకల బాటలు సాగేది దాని కిందే.