రెండు బాక్సులు, ఒక గొంతు

మా అమ్మ ముప్ఫై ఏళ్ళు బడిలో తెలుగు చెప్పింది. స, శ, ష తేడా పట్టుబడకుండా ఆమె క్లాసు దాటిన పిల్లలు తక్కువ. పోయిన నెల మల్కాజిగిరిలో ఇల్లు ఖాళీ చేస్తున్న ఒక కుటుంబం దగ్గర రెండున్నర వేలకి పాత బుక్‌షెల్ఫ్ స్పీకర్లు కొన్నాను. ఇంటికి తెచ్చి, హాల్లో రెండు స్టూళ్ళ మీద పెట్టి, ఘంటసాల ‘పుష్పవిలాపం’ వేశాను. అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి రెండు పద్యాలు విన్నది.

“ఘంటసాల గారు మధ్యలోనే నిలబడి పాడుతున్నారు కదా. ‘ష’ వచ్చినప్పుడల్లా ఎడమ పక్కకి ఎందుకు పోతున్నార్రా?” అంది.

మళ్ళీ వేసి విన్నాను. నిజమే. గొంతు నడిమధ్యన ఉంది. షకారం, శకారం వచ్చిన ప్రతిసారీ ఆ ఒక్క అక్షరం ఎడమ బాక్సులోకి దూకి మళ్ళీ వెనక్కి వస్తోంది. కొనే ముందు ఆ ఇంట్లో గంటసేపు కూర్చుని విన్నాను నేను. అయితే విన్నవన్నీ కొత్త సినిమా పాటలు. వాటిలో గిటార్ ఒక పక్క, కోరస్ ఒక పక్క, తాళాలు ఇంకో పక్క ఎలాగూ చెదిరే ఉంటాయి. ఏది ఎక్కడ ఉండాలో తెలియనప్పుడు ఏది పక్కకి జరిగిందో ఎలా తెలుస్తుంది?

పుష్పవిలాపం కరుణశ్రీ పద్యాలు. ఘంటసాల వాటిని పాడింది 78 ఆర్‌పీఎం రికార్డుల రోజుల్లో. అంటే అది మోనో, రెండు స్పీకర్లకీ వెళ్ళేది అచ్చంగా ఒకటే శబ్దం. రెండూ సమానంగా పలికితే మన చెవి ఆ గొంతుని ఎడమనా కుడినా కాకుండా నడుమ ఉన్న ఖాళీ గోడ దగ్గర నిలబెడుతుంది. ఒకటి ఏ కొంచెం తగ్గినా గొంతు రెండో వైపుకి ఒరుగుతుంది. స్టీరియో స్పీకర్లని పరీక్షించడానికి మోనో రికార్డుని మించింది లేదని నేను అంత గట్టిగా చెప్పడానికి కారణం ఇదే. తెలిసిన గొంతు, తక్కువ వాద్యాలు, స్పష్టమైన ఉచ్చారణ ఉన్న పాత రికార్డు ఒక్కటి జేబులో ఉంటే చాలు.

అక్షరం ఒక్కటే దూకడానికీ కారణం ఉంది. ఇలాంటి చిన్న బాక్సులో రెండు నోళ్ళుంటాయి. కింద అయిదంగుళాల వూఫర్, పైన అంగుళం ట్వీటర్. సెకనుకి సుమారు 3,000 కంపనాల దాకా వూఫర్ పాడుతుంది, ఆ పైన ట్వీటర్ అందుకుంటుంది. మనిషి గొంతులోని అచ్చులు, నాదం చాలావరకు కింద వూఫర్‌లోనే ఉంటాయి. శ, ష అన్నప్పుడు వచ్చే ఊపిరి ఒరిపిడి సరిగ్గా వూఫర్ నుంచి ట్వీటర్‌కి చేతులు మారే చోట ఉంటుంది. స ఇంకా పైన. కుడి బాక్సులో ట్వీటర్ నీరసపడింది కాబట్టి ఆ ఒరిపిడి ఎడమ నుంచే వినిపిస్తోంది. తెలుగు నేర్చిన చెవికి ఆ తేడా ముందుగా తగిలింది.

సెకండ్ హ్యాండ్ స్పీకర్ విషయంలో మోడల్ పేరు సగం సంగతే చెబుతుంది. ఆ రెండు బాక్సులు ఇన్నేళ్ళు ఎక్కడ, ఎలా బతికాయన్నది మిగతా సగం. ఒకే రోజు ఒకే ఫ్యాక్టరీలోంచి వచ్చిన రెండింటిలో ఒకటి కిటికీ పక్కన ఎండ తిని ఉంటుంది, ఇంకోటి టీవీ వెనక నీడలో ఉంటుంది. పదిహేనేళ్ళకి అవి కవలలుగా మిగలవు. ఫలానా కంపెనీ స్పీకర్ బాగుంటుందా అని నన్ను అడిగేవాళ్ళకి నేను ఎదురు ప్రశ్న వేసేది అందుకే: ఈ జత రెండూ ఒకేలా పలుకుతున్నాయా?

పలికితే మాత్రం ఆ చిన్న బాక్సుల మీద నాకు చాలా నమ్మకం. వాటి వెనక పెద్ద పని జరిగింది. ఇంగ్లండులో యార్క్‌షైర్‌లోని ఇల్క్లీ ఊళ్ళో గిల్బర్ట్ బ్రిగ్స్ అనే ఆయన 1932లో తన ఇంటి నేలమాళిగలో మొదటి స్పీకర్ తయారుచేశాడు. ఆ ఊరున్న లోయ పేరే కంపెనీకి పెట్టుకున్నాడు, వార్ఫ్‌డేల్ అని. 1954లో లండన్ రాయల్ ఫెస్టివల్ హాల్లో వేదిక మీద కళాకారుల చేత వాయించి, వెంటనే రికార్డు వేసి, రెండూ పోల్చుకోండని జనం ముందు పెట్టిన ధైర్యం ఆయనది. అదే కంపెనీ 1982లో డైమండ్ అని చిన్న బాక్సు తక్కువ ధరకి తెచ్చింది. మామూలు జీతగాడి ఇంట్లో మంచి శబ్దం అన్న మాటకి అప్పటినుంచి అర్థం వచ్చిందని నేననుకుంటాను. ఆ మధ్యలోనే ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్ 1961లో, రిచర్డ్ స్మాల్ 1970ల మొదట్లో, ఎంత కోన్‌కి ఎంత పెట్టె, ఎంత గొట్టం పెట్టాలో లెక్కలు కట్టి ఇచ్చారు. అంతకు ముందు వడ్రంగి అనుభవం మీదా చెవి మీదా నడిచిన పని ఆ తర్వాత కాగితం మీద తేలిపోయింది. ఇరవై ఏళ్ళ కిందటి చవక స్పీకర్ కూడా ఆ లెక్కల బిడ్డే.

బీబీసీ ఇంజనీర్ల సంగతి నాకు మరీ ఇష్టం. బయటి ప్రసారాల వ్యానులో ఇరుకు చోట పట్టేలా 1970లలో వాళ్ళు ఎల్ఎస్3/5ఎ అని అడుగు ఎత్తు బాక్సు ఒకటి రూపొందించుకున్నారు. స్పీకర్‌ని పరీక్షించడానికి వాళ్ళు బాగా నమ్ముకున్నది మాట్లాడే మనిషి గొంతుని. స్టూడియోలో మనిషి మాట్లాడుతుంటే ఆ గొంతునీ, స్పీకర్‌లోంచి వచ్చే గొంతునీ పక్కపక్కన పెట్టి వినేవాళ్ళు. వంటింటి గుమ్మంలో అమ్మ చేసిందీ అదే.

చిన్న బాక్సు చెయ్యలేని పని ఒకటుంది, దాన్ని ముందే ఒప్పుకోవాలి. పెట్టె చిన్నదిగా ఉండాలి, బేస్ లోతుగా రావాలి, కొద్ది కరెంటుకే గట్టిగా మోగాలి. ఈ మూడు కోరికల్లో రెండే తీరతాయని ఆంటన్ హాఫ్‌మన్ లెక్క తేల్చాడు. కె.ఎల్.హెచ్. అనే అమెరికన్ స్పీకర్ కంపెనీ పేరులో హెచ్ ఆయనే, గొప్ప పియానిస్టు జోసెఫ్ హాఫ్‌మన్ కొడుకు. బేస్ గిటార్ అట్టడుగు తీగ సెకనుకి 41 సార్లు కంపిస్తుంది. అయిదంగుళాల కోన్ 60 దగ్గరికి వచ్చేసరికే అలిసిపోతుంది. ఇళయరాజా పాటల్లో బేస్ గిటార్ నడకంటే ప్రాణమిచ్చేవాళ్ళకి ఇది నిజంగా లోటే, కాదనను. ఈమని శంకరశాస్త్రి వీణకి, ద్వారం వెంకటస్వామి నాయుడు వయొలిన్‌కి, పద్యానికి ఆ లోటు ఇంచుమించు లేదు. మృదంగంలో ఎడమవైపు, రవ్వముద్ద పెట్టిన వైపు, కాస్త బక్కచిక్కుతుంది. కుడివైపు మాత్రం వేళ్ళు లెక్కపెట్టుకోవచ్చు.

నా మొదటి జత సంగతి ఇప్పటికీ బాధగానే ఉంటుంది. పన్నెండేళ్ళ కిందట సికింద్రాబాద్‌లో ఒక కొట్లో కొన్నాను. కొట్టాయన వాల్యూమ్ బాగా పెంచి వినిపించాడు. ఆ హోరులో అంతా బ్రహ్మాండంగా ఉంది. శబ్దం తగ్గేకొద్దీ మన చెవి బేస్‌ని మిగతావాటికంటే ఎక్కువగా పోగొట్టుకుంటుందని బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ 1933లోనే కొలిచి చూపించారు. గట్టిగా మోగితే ఏ డబ్బా అయినా నిండుగా ఉన్నట్టు అనిపిస్తుంది. ఇంటికి తెచ్చి రాత్రిపూట మామూలుగా వింటే పాట పీలగా ఉంది, బేస్ అసలే లేదు. గొంతు కూడా ఎక్కణ్ణుంచి వస్తోందో తెలియకుండా తల చుట్టూ తిరుగుతోంది. స్పీకర్లు అంతేనేమో అని ఎనిమిది నెలలు అలాగే విన్నాను.

తర్వాత తెలిసినాయన ఒకరు ఇంటికి వచ్చి, గోడ గడియారంలోంచి సెల్ ఊడదీసి, రెండు తీగలతో బాక్సు వెనక పిన్నులకి ఆనించి చూపించారు. ఎర్ర పిన్నుకి ప్లస్ ఆనించగానే ఎడమ కోన్ టప్పున ముందుకొచ్చింది. కుడి కోన్ టప్పున లోపలికి పోయింది. ఎవరో ఎప్పుడో రిపేరు చేసి లోపల తీగలు తారుమారు చేసి అతికించారు. ఒకటి గాలిని నెడుతుంటే రెండోది లాగుతోంది, ఇక బేస్ ఎక్కడ మిగులుతుంది? రెండు తీగలు మార్చి కలిపేసరికి అదే పాట నేల మీద నిలబడింది. ఎనిమిది నెలల పాటలు పోయినట్టే అనిపించింది నాకు. అప్పటినుంచి పాత స్పీకర్లు చూడటానికి వెళితే ఒకటిన్నర వోల్టు సెల్, రెండు ముక్కల తీగ నా సంచీలో ఉంటాయి. మల్టీమీటర్ కూడా. వెనక 8 ఓమ్స్ అని రాసి ఉంటే మీటర్ ఆరు చుట్టుపక్కల చూపించాలి. చేతివేళ్ళు కోన్ చుట్టూ సమానంగా పెట్టి మెల్లిగా లోపలికి నొక్కితే చప్పుడు లేకుండా వెళ్ళి రావాలి. గరగరమంటే కాయిల్ అయస్కాంతానికి రాసుకుంటున్నట్టే, దాన్ని వదిలి వచ్చెయ్యడం మేలు.

జాలీ తియ్యకుండా మాత్రం డబ్బు ఇవ్వకండి. కోన్ చుట్టూ ఉండే రింగు రబ్బరుదైతే ఎన్నో ఏళ్ళు నిలుస్తుంది. ఫోముదైతే గాలిలో తేమ తాగి తాగి పదిహేనూ ఇరవై ఏళ్ళకి కుళ్ళిపోతుంది. నేను వేలితో తాకినంత మాత్రాన మాడిన అప్పడంలా పొడైపోయిన రింగులు చూశాను. వేలికి జిగురు నల్లగా అంటుకుని రెండు రోజులు వదల్లేదు. అదైనా బాగుచేయించుకోవచ్చు, కొత్త రింగు వేసేవాళ్ళున్నారు. అయితే ఆ ఖర్చు ధరలోంచి తగ్గించి అడగాలి.

ఇక మా ఇంటి కుడి బాక్సు. దాన్ని కోఠీలో గుజరాతీ గల్లీకి తీసుకెళ్ళాను. ఒక్కటే తీసుకెళ్ళినందుకు అక్కడి భాయ్ నన్ను వెనక్కి పంపించాడు. “జోడీ తేవాలి సార్. ఒక్కదాన్ని చూసి ఏం చెప్తాం?” అన్నాడు. మర్నాడు రెండూ ఆటోలో పెట్టుకుని వెళ్ళాను. స్క్రూలు విప్పి, దూది పక్కకి జరిపి, బిస్కెట్ ప్యాకెట్టంత చెక్క పలక బయటికి తీశాడు. అదే క్రాసోవర్, ఏ శబ్దం ఎవరికి వెళ్ళాలో పంచిపెట్టేది. ట్వీటర్ దారిలో సన్న కెపాసిటర్ ఒకటుంది, మీద 4.7 అని అచ్చు. మీటర్ పెడితే మూడు దగ్గర ఆగింది. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ లోపల తడి ఉంటుంది. ఏళ్ళ తరబడి వేడికి ఆ తడి ఆరిపోతుంది, ట్వీటర్‌కి వెళ్ళాల్సిన దాంట్లో కొంత దారిలోనే మిగిలిపోతుంది. ఎడమ దాంట్లో ఉన్నది 4.4 చూపించింది.

ఖరీదైన ఫిల్మ్ కెపాసిటర్ వెయ్యమన్నాను. ఒప్పుకోలేదు. “కంపెనీవాడు ఈ రకానికే లెక్కేసి పెట్టాడు. అది వేస్తే పైశబ్దం ఎక్కువైపోతుంది, నెల తిరక్కుండా మళ్ళీ వస్తారు” అన్నాడు. ఆయన మాట సరైనదే. ఫిల్మ్ రకంలో అడ్డు మరీ తక్కువ, పాత స్పీకర్‌లో ట్వీటర్ కాస్త ముందుకొచ్చి కూర్చుంటుంది. అదే రకం కొత్తవి రెండు తీసి, ఎడమది బాగానే ఉన్నా రెండింటికీ వేశాడు. ఎందుకని అడగలేదు, ఆటో ఖర్చుతో ఆ పాఠం ముందురోజే నేర్చుకున్నాను. నాలుగు వందలు తీసుకున్నాడు.

ఇంట్లో ఎక్కడ పెట్టాలన్నది దానికదే పెద్ద విషయం. బుక్‌షెల్ఫ్ అన్న పేరు చూసి చాలామంది అరలో ఇరికిస్తారు, లేదా బీరువా మీదికి ఎక్కిస్తారు. వెనక గొట్టం ఉన్న బాక్సుని గోడకి ఆనిస్తే, మూలన పెడితే బేస్ ఉబ్బి గొంతు మీద దుప్పటి కప్పేస్తుంది. గోడకి జానెడు, వీలైతే మూరెడు ఎడం ఉండాలి. ట్వీటర్ కూర్చున్న మనిషి చెవి ఎత్తుకి రావాలి. మన ఇళ్ళలో బండల నేల, సున్నం గోడలు, శబ్దం పీల్చుకునేదేదీ ఉండదు. నేను ఎదురుగోడకి అమ్మమ్మ కుట్టిన బొంత వేలాడదీశాను. వచ్చినవాళ్ళు అదేమిటని అడుగుతూనే ఉంటారు. దాన్ని తీసేస్తే చప్పట్లు కొట్టినా గది తిరిగి చప్పట్లు కొడుతుంది.

శనివారం సాయంత్రం మళ్ళీ పుష్పవిలాపం వేశాను. అమ్మ ఈసారి గుమ్మంలో ఆగలేదు. కుర్చీ తెచ్చుకుని రెండింటికీ మధ్యగా వేసుకుంది. మొదటి పద్యం అయిపోయింది. రెండోది మొదలైంది. షకారం వచ్చినప్పుడు నేను ఆమె ముఖమే చూస్తున్నాను. ఆమె నావైపు చూడలేదు. లేచి, రెండు బాక్సుల నడుమ ఉన్న ఖాళీ గోడ దగ్గరికి వెళ్ళి, క్యాలెండర్ పక్కకి జరిపి చూసింది.

“ఇక్కడ కూడా ఒకటి పెట్టావా?” అంది.