నర్సమ్మ రాతలోని శాస్త్రం

హస్తవాసి మాట వస్తే మన ఉత్తరాంధ్రలో అందరూ డాక్టర్ల పేర్లే చెబుతారు. రాత్రి రెండు గంటలకు వార్డులో నిద్ర ఆపుకుంటూ చార్టు రాసే సిస్టరు పేరు ఎవరికీ గుర్తు రాదు. నా మటుకు నాకు ఆవిడ చేతిరాతే అసలైన హస్తవాసి. ఆ రాత సరిగా ఉంటేనే పొద్దున రౌండ్స్‌కు వచ్చిన డాక్టరు మందు సరిగా పడుతుంది. అది తప్పితే ఎంతటి వైద్యుడైనా చీకట్లో బాణం వేయాల్సిందే.

ఈ రాతకు ఒక శాస్త్రం ఉంది. నర్సింగ్ ఇన్ఫర్మాటిక్స్ అంటారు. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ 2021లో తెచ్చిన కొత్త బీఎస్సీ నర్సింగ్ సిలబస్‌లో రెండో సెమిస్టర్‌లోనే దీన్ని పాఠంగా పెట్టారు. చాలామంది పిల్లలు దీన్ని కంప్యూటర్ క్లాసు అనుకుంటారు. కీబోర్డు ఇందులో చివరి మెట్టు. మంచం పక్కన నిలబడి రోగిని చూడటం మొదటి మెట్టు. చూసింది చూసినట్టు, చూసిన వేళకే, తర్వాతి డ్యూటీకి వచ్చే మనిషికి తెలిసేట్టు రాయడం రెండో మెట్టు. ఈ రెండూ రానివారికి ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేర్ ఇచ్చినా దండగే.

ఈ పనితనం ఎంత గొప్పదో తెలియాలంటే పార్టోగ్రాఫ్ చూడాలి. విజయనగరం ఘోషాసుపత్రిలోనైనా, ఏజెన్సీలోని చిన్న పీహెచ్‌సీలోనైనా, నొప్పులతో వచ్చిన తల్లికి గర్భాశయ ముఖద్వారం నాలుగు సెంటీమీటర్లు తెరుచుకున్నాక మొదలుపెట్టాల్సిన కాగితమది. సిస్టరు ప్రతి అరగంటకూ బిడ్డ గుండె చప్పుడు లెక్కపెట్టి చుక్క పెడుతుంది. పది నిమిషాల్లో ఎన్ని నొప్పులొచ్చాయో అన్ని గళ్లు నింపుతుంది. నొప్పి ఇరవై సెకన్లలోపు ఆగితే గడిలో చుక్కలు, నలభై దాకా సాగితే ఏటవాలు గీతలు, అంతకు మించితే గడి మొత్తం నలుపు. నాలుగు గంటలకోసారి లోపలి పరీక్ష చేసి, ఎంత తెరుచుకుందో ఇంటూ గుర్తు వేస్తుంది. కాగితం మీద ముందే అచ్చయిన రెండు ఏటవాలు గీతలుంటాయి. గంటకో సెంటీమీటరు లెక్కన పైకి పోయేది హెచ్చరిక గీత. దానికి నాలుగు గంటల కుడిపక్కన ఉండేది చర్య గీత. ఇంటూలు మొదటి గీతకు ఎడమనే ఉన్నంతసేపు కాన్పు దారిలో ఉన్నట్టు. గీత దాటి కుడికి జరిగాయా, సిస్టరు 108కి ఫోన్ చేస్తుంది, పెద్దాసుపత్రికి కబురు పెడుతుంది.

ఈ గీతలను ఫిల్‌పాట్, కాసిల్ అనే ఇద్దరు వైద్యులు అప్పటి రొడీషియాలో రూపొందించి 1972లో లోకానికి చెప్పారు. డాక్టరు దగ్గర లేని క్లినిక్కులో కాన్పు చేసే నర్సు, తల్లిని పెద్దాసుపత్రికి ఎప్పుడు పంపాలో తనంతట తానే తేల్చుకోగలగాలన్నది వాళ్ల ఆలోచన. 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కొత్త లేబర్ కేర్ గైడ్ తెచ్చి, లెక్కను అయిదు సెంటీమీటర్ల నుంచి మొదలుపెట్టమంది. ఆ పాత గీతలు అందులో లేవు, కానీ సూత్రం మారలేదు. వేళకు చూడు, వేళకు రాయి, రాసినదాన్ని బట్టి కదులు. ఒక్క కాగితం మీద తల్లిని, బిడ్డను, కాలాన్ని కలిపి చూపించే ఇంత చక్కని పనిముట్టు వైద్యంలో మరొకటి ఉందంటే నేను ఒప్పుకోను.

ఇక సిద్ధాంతం. 1989లో గ్రేవ్స్, కోర్కరన్ అనే ఇద్దరు నర్సింగ్ పండితులు ఈ శాస్త్రానికి పునాది వేశారు. నర్సింగ్, సమాచార శాస్త్రం, కంప్యూటర్ శాస్త్రం మూడూ కలిసిన చోట ఇది పుడుతుందనీ, దత్తాంశం, సమాచారం, జ్ఞానం అనే మెట్లెక్కుతుందనీ చెప్పారు. ఆపైన వివేకం అనే నాలుగో మెట్టును రమోనా నెల్సన్ చేర్చారు. పుస్తకంలో ఇది పొడిగా కనిపిస్తుంది. కిడ్నీ జబ్బులు పీడించే మన ఉద్దానానికి తెచ్చి చూస్తే ప్రాణం పోసుకుంటుంది.

క్రియాటినిన్ 1.4 అని ఒక చీటీ వచ్చిందనుకుందాం. అది వట్టి అంకె. కవిటి మండలంలో జీడితోట పనికి పోయే నలభై రెండేళ్ల మనిషిది, ఫలానా తేదీన తీసిన రక్తానిది అని తెలిస్తే అది సమాచారం. నిరుడు 0.9, ఆరు నెలల కిందట 1.1, ఇప్పుడు 1.4 అని రిజిస్టర్‌లో వరుసగా కనిపిస్తే అది జ్ఞానం. విడివిడిగా చూస్తే కంగారు పుట్టించని అంకెలు, వరుసలో పెడితే కిడ్నీ దెబ్బతింటోందని చెబుతాయి. ఒళ్లు నొప్పులకు అతను రోజూ నొప్పి మాత్ర మింగుతున్నాడని తెలిసిన ఏఎన్ఎం ఆ మాత్ర మాన్పించి, పలాస కిడ్నీ ఆసుపత్రికి పంపించి, వెళ్లాడో లేదో మళ్లీ ఇంటికి పోయి అడిగితే, అది వివేకం. పలాసలో 2023 డిసెంబరులో ప్రారంభమైన ఆసుపత్రి, పరిశోధన కేంద్రం మనకు గర్వకారణమే. అయితే ఆ గుమ్మం దాకా మనిషిని వేళకు చేర్చేది సబ్ సెంటర్‌లోని రిజిస్టర్.

ఈ విద్యకు మూలపురుషుడు లేడు, మూలస్త్రీ ఉంది. ఫ్లోరెన్స్ నైటింగేల్‌ను మనవాళ్లు దీపం పట్టుకున్న దేవతగానే పూజిస్తారు. ఆవిడ లెక్కల మనిషి. క్రిమియా యుద్ధంలో గాయాలకంటే ఆపదగిన రోగాలే ఎక్కువమంది సైనికులను చంపాయని 1858లో రంగుల పటం గీసి పెద్దల కళ్లు తెరిపించింది. ఆసుపత్రి లెక్కలన్నీ ఒకే నమూనాలో ఉండాలని అప్పుడే పట్టుబట్టింది. మన దేశం గడప తొక్కకుండానే ఇక్కడి కంటోన్మెంట్లకు ప్రశ్నావళులు పంపించి పారిశుద్ధ్యం లెక్క తేల్చింది. వందేళ్లు దాటాక హ్యారియెట్ వర్లీ, నోర్మా లాంగ్ అనే ఇద్దరు నర్సులు ఆ పట్టుదలను అందుకున్నారు. 1985లో మిల్వాకీలో పండితులను కూర్చోబెట్టి, ప్రతి రోగి విషయంలో నర్సు తప్పక రాయాల్సిన పదహారు అంశాలను తేల్చారు. రోగి ఇబ్బందిని నర్సు ఎలా గుర్తించింది, ఏం చేసింది, ఫలితం ఏమిటి, ఎంత శ్రమ పట్టింది అన్నవి వాటిలో ఉన్నాయి. నర్సు పని లెక్కకెక్కకపోతే దానికి విలువ కట్టరని వాళ్లకు తెలుసు.

ఈ నర్సింగ్ పండితుల్లో నాకు ప్యాట్రీషియా బెన్నర్ మరీ ఇష్టం. కొత్తగా చేరిన నర్సు నిపుణురాలిగా మారేవరకు అయిదు దశలుంటాయని 1984లో ఆవిడ రాసింది. కొత్తమ్మాయి నియమం చూసి నడుస్తుంది, చేయి తిరిగిన సిస్టరు రోగి ముఖం చూసి నడుస్తుంది. పార్వతీపురం ఏజెన్సీలో అలాంటి చేతులున్నాయి. కొండమీద ఊళ్లో గర్భిణి ఎన్నో నెలలో ఉందో, వాగు ఎప్పుడు పొంగుతుందో, డోలీ మోయడానికి ఇంట్లో మగవాళ్లున్నారో లేదో ఒకేచోట లెక్కగట్టి, నొప్పులు రాకముందే ఆమెను సాలూరు గర్భిణుల వసతి గృహానికి దింపించే ఏఎన్ఎంకు ఏ పట్టా ఇచ్చినా తక్కువే. ఆమె రిజిస్టర్‌లో కాన్పు తేదీ ఒక గడి మాత్రమే. మిగతాదంతా ఆమె బుర్రలో ఉంది. దాన్ని కూడా నిలబెట్టుకోగలగడమే ఈ శాస్త్రం లక్ష్యం.

యంత్రాల మీద నాకు కోపం లేదు. ఏఎన్ఎంలు ఎంట్రీలు చేసే అన్‌మోల్ ట్యాబ్‌లను 2016లో ముందుగా అందిపుచ్చుకున్న రాష్ట్రాల్లో మనదొకటి. కొత్తది ఒకేసారి అందరికీ అబ్బదని, ముందు కొందరు పట్టుకుంటే వాళ్లను చూసి మిగతావాళ్లు వస్తారని ఎవరెట్ రోజర్స్ అనే పండితుడు 1962లోనే చెప్పాడు. మన పీహెచ్‌సీల్లోనూ అంతే. చురుకైన ఒక ఏఎన్ఎం నేర్చుకుంటే చాలు, మంగళవారం మీటింగులో పక్కామెకు చెబుతుంది, నెల తిరిగేసరికి అందరి వేళ్లూ ఆడతాయి.

నా కడుపుమంటంతా దొంగరాత మీద. కాన్పు అయిపోయాక తీరిగ్గా కూర్చుని నింపే పార్టోగ్రాఫ్ ఉందే, అది తల్లికి చేసిన ద్రోహం. వార్డులో పాతిక మందికీ బీపీ 120/80, పల్స్ 72 అని ఒకే కలంతో, ఒకే వరసలో దించేస్తే అది చార్టు కాదు, అబద్ధాల జాబితా. కొన్ని ఆసుపత్రుల్లో సాఫ్ట్‌వేర్ తెరవగానే అన్ని గళ్లలోనూ ‘నార్మల్’ అని ముందే పడి ఉంటుంది. మార్చకపోతే రోగి ఆరోగ్యంగా ఉన్నట్టే! బిల్లింగ్ కోసం పుట్టిన ప్రోగ్రామ్‌కు నర్సు పేరు తగిలించి ఇన్ఫర్మాటిక్స్ అని అమ్ముతున్నారు. అందులో సూది లెక్క ఉంటుంది, దూది లెక్క ఉంటుంది, రోగి రాత్రంతా ఎందుకు నిద్రపోలేదన్నదానికి గడి ఉండదు.

తప్పు సిస్టర్లదేనని తేల్చేవాళ్లతో నేను ఏకీభవించను. ఒక్క మనిషి వార్డు మొత్తం చూసుకుంటూ, అదే విషయం రిజిస్టర్‌లో ఒకసారి, ట్యాబ్‌లో ఒకసారి, ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో మరోసారి పెట్టాలంటే చూసే వేళ ఎక్కడిది? సాయంత్రానికల్లా వంద శాతం ఎంట్రీ చూపించమని పైనుంచి ఒత్తిడి చేస్తే దొంగరాత కాక ఏమొస్తుంది? అయినా నర్సమ్మలకూ ఒక మాట చెప్పాలి. చూడనిది రాయవద్దు. ఖాళీ గడి నిజం చెబుతుంది, నింపిన అబద్ధం ప్రాణం తీస్తుంది.

అధికారులకు నా విన్నపం నాలుగు ముక్కలు. ఒకసారి రాసింది మళ్లీ రాయించకండి. కొత్త ఫారం గీసేటప్పుడు చేయి తిరిగిన స్టాఫ్ నర్సును, ఏఎన్ఎంను బల్ల దగ్గర కూర్చోబెట్టండి. వాళ్లు రాసిన లెక్కలను పటాలుగా మార్చి మళ్లీ వాళ్ల చేతికే ఇవ్వండి. ఉద్దానం ఏఎన్ఎం తన ఊరి క్రియాటినిన్ గీతను తన తెరమీద చూసుకోగలగాలి. నాలుగోది, ఎంట్రీల శాతం చూసి కాదు, ఆ ఎంట్రీ వల్ల ఎవరు వేళకు ఆసుపత్రికి చేరారో చూసి మెచ్చుకోండి. ఈ నాలుగూ జరిగితే నైటింగేల్ కోరిన లెక్క మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోనే తయారవుతుంది. రాయగల చేతులు మనకున్నాయి. వాటికి వేళ ఇవ్వండి, మర్యాద ఇవ్వండి.