లంక చుట్ట, పందికొక్కు, హాబ్సన్-జాబ్సన్

నర్సీపట్నంలో ఏజెన్సీ అంటే చింతపల్లి, లంబసింగి వైపు కొండలు. మామూలు ఇంగ్లీషు డిక్షనరీలో ఈ అర్థం దొరకడం కష్టం. 1839లో చేసిన చట్టంతో గంజాం, విశాఖపట్నం కొండసీమల్ని మామూలు కోర్టుల పరిధి నుంచి తప్పించి, గవర్నరు ఏజెంటు హోదాలో కలెక్టరు చేతికిచ్చారు. ఆ ఏజెంటు ఏలుబడే ఏజెన్సీ. ఇలా మాటకి పుట్టుపూర్వోత్తరాలు తెలిస్తే ఇక మరిచిపోం. అరుదైన ఇంగ్లీషు మాటలు నేర్చుకోవాలనుకునే మన పిల్లలకి జాబితాల బట్టీ కంటే ముందు నేను చూపించే పుస్తకం ‘హాబ్సన్-జాబ్సన్’.

కర్నల్ హెన్రీ యూల్, తంజావూరులో జడ్జిగా చేసిన ఏ.సి. బర్నెల్ ఉత్తరాల మీద ఉత్తరాలు రాసుకుంటూ, ఇంగ్లీషులో కలిసిన మన దేశపు మాటలకి కూర్చిన నిఘంటువు ఇది. బర్నెల్ 1882లో పోయాడు. యూల్ ఒక్కడే పూర్తిచేసి 1886లో అచ్చువేయించాడు. మొహర్రంలో వినిపించే ‘యా హసన్, యా హుసేన్’ ఇంగ్లీషు సిపాయిల నోట పడి ఆ పేరైంది.

పనితనం చూడాలంటే ‘బాండికూట్’ దగ్గర ఆగాలి. అది తెలుగు పందికొక్కే అని ముందే తేల్చేస్తారు. ఆ తర్వాత ఏళ్ళవారీగా సాక్షుల్ని పిలుస్తారు. పద్నాలుగో శతాబ్దపు యాత్రికుడు జోర్డానస్ వస్తాడు. అతని వెనకే ఇబ్న్ బతూతా వచ్చి, దేవగిరి చెరసాలలో పిల్లుల్ని తరిమికొట్టే ఎలుకల గురించి చెబుతాడు. వాళ్ళ రాతల్లో ఆ మాట లేదు, ఆ జంతువు ఉంది. మాట పుట్టకముందే దాని ఆనవాలు పట్టుకోవడం ఎంత ఓపిక! ఎంత చదువు! ఆస్ట్రేలియాలో సంచి ఉన్న ఒక చిన్న జంతువుకీ తర్వాత ఇదే పేరు అతుక్కుంది.

‘లుంకా’ చిన్న ఆరోపమే. గోదావరి లంకల్లో పండిన పొగాకుతో చుట్టిన ఘాటైన చుట్ట అని రెండు ముక్కల్లో తేలుస్తారు. నాలుగేళ్ళకే, 1890లో, కోనన్ డాయిల్ ‘ది సైన్ ఆఫ్ ఫోర్’ నవలలో షెర్లాక్ హోమ్స్ ఆ చుట్ట పేరెత్తాడు. హంతకుడు కాల్చింది లంక చుట్ట అని బూడిదని బట్టి తేలితే వెతకాల్సినవాళ్ళు తగ్గిపోతారంటాడు. అడ్డపొగ తాగే అవ్వలున్న మన ఊళ్ళలో ఈ సంగతి ఏ పిల్లాడికి చెప్పినా కళ్ళు మెరుస్తాయి.

‘జెంటూ’ కూడా చదవాలి. పోర్చుగీసు మాటలోంచి వచ్చి, మొదట హిందువులకీ, దక్షిణాదిలో ప్రత్యేకించి తెలుగువాళ్ళకీ, వాళ్ళ భాషకీ పేరైంది. మనల్ని ఇంగ్లీషువాడు ఒకప్పుడు ఏమని పిలిచాడో తెలుసుకోవాలంటే ఇక్కడికే రావాలి.

1903లో విలియం క్రూక్ రెండో ముద్రణ తెచ్చాడు. తాను చేర్చిన ప్రతి ముక్కనీ చదరపు కుండలీకరణాల్లో పెట్టాడు. యూల్, బర్నెల్ రాసినదేదో, తాను కలిపినదేదో ఇవాళ్టికీ పుట పుటలో విడివిడిగా కనిపిస్తుంది.