మసి తుడిచే ముందు

పాల క్యాన్లు, గడ్డిమోపులు, ఎరువు బస్తాలు, వాటి మీద మళ్లీ ఒక మనిషి. ఇంత బరువునూ లాగేది గుప్పెడంత ఇంజను. 1980లో వచ్చిన టీవీఎస్ 50 అయినా, తర్వాత మన ఊళ్లన్నిటా నిండిపోయిన 69.9 సీసీ ఎక్సెల్ సూపర్ అయినా టూస్ట్రోక్ బళ్లే. 2015లో ఫోర్‌స్ట్రోక్ ఎక్సెల్ 100 వచ్చింది. ఇప్పుడు షోరూముకు వెళితే టూస్ట్రోక్ మోపెడ్ దొరకదు. పాతవి మాత్రం పొలాల దారుల్లో ఇంకా తిరుగుతున్నాయి. ఇన్నేళ్లుగా వాటిని తిప్పుతున్నది రోడ్డు పక్క షెడ్డుల్లో చూసి, చేసి నేర్చుకున్న పనితనం. ఆ పనితనంలో సగం చేతిదైతే సగం కంటిది.

ఈ టూస్ట్రోక్ ఇంజనులో ఫోర్‌స్ట్రోక్‌లో ఉండేలాంటి వాల్వులు లేవు. పిస్టనే పైకీ కిందికీ కదులుతూ బోరు గోడకున్న కిటికీలను మూస్తుంది, తెరుస్తుంది. పిస్టను పైకి పోయినప్పుడు కింద క్రాంకు గదిలోకి పెట్రోలు, గాలి కలిసి వస్తాయి. కిందికి దిగినప్పుడు ఆ మిశ్రమం పక్క దారుల్లోంచి పైకెక్కి, కాలిన పొగను బయటికి తోస్తుంది. 1890ల తొలినాళ్లలో ఇంగ్లండులోని బాత్ నగరంలో జోసెఫ్ డే ఇలా క్రాంకు గదినే పంపుగా వాడుకునే ఇంజనును రూపొందించాడు. లోపలికి వచ్చే దారిని కూడా పిస్టనుతోనే మూయించవచ్చన్న ఆలోచన ఆయన దగ్గర పనిచేసిన ఫ్రెడరిక్ కాక్‌ది. దాంతో కదిలే భాగాలు మూడే మిగిలాయి: పిస్టను, కనెక్టింగ్ రాడ్డు, క్రాంకు. ఇంత తక్కువ సరంజామాతో నడిచే యంత్రంలో ఎక్కడ గాలి లీకైనా ఆ గుర్తు లోహం మీద పడుతుంది. విప్పేవాడు వెతకాల్సింది ఆ గుర్తులనే.

అందుకే మంచి మెకానిక్ ఇంజను బయటి మట్టిని ముందే శుభ్రంగా కడుగుతాడు, లోపలి మసిని మాత్రం చూడందే తుడవడు. మొదట ప్లగ్ తీస్తాడు. మొన గోధుమ రంగులో ఉంటే మంట సరిగ్గానే ఉంది. నల్లగా తడిగా ఉంటే ఆయిలో పెట్రోలో ఎక్కువవుతోంది. తెల్లగా పాలిపోయి ఉంటే ఎక్కడి నుంచో అదనపు గాలి దూరుతోంది, ఇంజను కాగిపోతోంది. ఇంకా ఒక్క నట్టూ వదులు చేయకముందే సగం కథ తెలిసిపోతుంది.

హెడ్డు నట్లను ఇంజను పూర్తిగా చల్లారాకే ముట్టుకోవాలి. ఒకటి కొంచెం, దాని ఎదుటిది కొంచెం, ఇలా మూలమూలగా వదులుచేయాలి. ఒకే వైపు లాగేస్తే అల్యూమినియం హెడ్డు వంగుతుంది, ఎంత కొత్త ప్యాకింగు వేసినా లీకును ఆపలేదు. బోరును తిప్పకుండా నిటారుగా పైకెత్తాలి. అది పైకి లేస్తుండగానే క్రాంకు గది మూతిలో శుభ్రమైన గుడ్డ కుక్కాలి. పిస్టను పిన్నుకు అటూ ఇటూ ఉండే లాకులు స్ప్రింగులా ఎగురుతాయి. ఒకటి లోపల పడిందంటే చిన్న పని కాస్తా పెద్ద పనవుతుంది. తీసిన లాకులను మళ్లీ వాడకూడదు. వాటి ఖరీదు ఎంతో ఉండదు, కానీ ఊడిన లాకు బోరును నిలువునా గీరేస్తుంది.

పిస్టను చేతికొచ్చాక తొందర పనికిరాదు. దాన్ని వెలుగులో తిప్పి చూడాలి. రింగుల కింద గోధుమ మరకలు దిగితే రింగులు మంటను ఆపలేకపోతున్నాయని అర్థం. పొగ పోయే కిటికీ వైపు నిలువు గీతలుంటే వేడికి పిస్టను పట్టేసింది. అప్పుడు అడగాల్సిన ప్రశ్న ‘ఎందుకు వేడెక్కింది?’ అన్నదే. లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్ల ఆయిల్ పోయలేదా? కార్బొరేటర్ జెట్టులో చెత్త అడ్డుపడిందా? మ్యాగ్నెట్ వైపు ఆయిల్ సీలు ఎండి గాలి పీలుస్తోందా? ఆ సీలు పోతే ప్లగ్ తెల్లబడుతుంది. గేరు వైపు సీలు పోతే గేరాయిల్ మంటలోకి చేరి దట్టంగా పొగొస్తుంది.

ఇక్కడే నాకు బాధ కలుగుతుంది. ‘సెట్టు మార్చేద్దాం’ అని విప్పీ విప్పగానే పాతవన్నీ కిరసనాయిలు పళ్లెంలో పడేసే అలవాటు పెరిగింది. సీలు చేసిన తప్పుకు బోరు, పిస్టను బలవుతాయి, ఆ సీలు మాత్రం అలాగే ఉంటుంది. కొన్ని నెలలకు కొత్త పిస్టను మీదా అవే గీతలు పడతాయి. రైతు రెండోసారి డబ్బు కడతాడు.

కనెక్టింగ్ రాడ్డును పట్టుకుని పైకీ కిందికీ లాగి చూడాలి. పక్కలకు కొంచెం కదలడం సహజమే. పైకీ కిందికీ ‘టక్’మని తగిలితే బోరు, పిస్టను వరకే విప్పే హాఫ్ ఇంజను పనితో సరిపోదు, క్రాంకు కూడా దించాలి. మ్యాగ్నెట్‌ను పుల్లరుతోనే ఊడదీయాలి. సుత్తి దెబ్బకు క్రాంకు వంకరపోతే లేత్ షాపుకు పోక తప్పదు. క్రాంకు కేసు రెండు సగాల మధ్య స్క్రూడ్రైవరు దూర్చి పెకలిస్తే నునుపు ముఖం మీద గాటు పడుతుంది, రేపు గాలి పీల్చేది ఆ గాటులోంచే.

ఇంత చూశాకే గీకుడు పని. ఆయిల్ పెట్రోలుతో పాటే కాలుతుంది కాబట్టి పిస్టను నెత్తి మీదా, పొగ కిటికీలోనూ మసి గట్టిపడుతుంది. కిటికీ ఇరుకైతే బండి ఎత్తు ఎక్కలేదు. ఇనుముతో గీకితే అల్యూమినియం మీద గీతలు పడతాయి, వెదురు పుల్ల చాలు.

బిగించేటప్పుడు పిస్టను మీది బాణం పొగ కిటికీ వైపుండాలి. రింగుల చివరలు గాడిలోని చిన్న మేకుల దగ్గర కూర్చోవాలి. లేకపోతే ఆ చివర కిటికీలో చిక్కుకుని రింగు విరుగుతుంది. పాత రింగులే వేస్తే పైది పైనే, కిందిది కిందే. అందుకే తీసిన వరుసలోనే గుడ్డ మీద పేర్చుకుంటారు. కొత్త రింగులు బోరులో సర్దుకునేదాకా మొదటి కొన్ని వందల కిలోమీటర్లు బరువు వేయకూడదు, పూర్తి యాక్సిలరేటరు ఇవ్వకూడదు. రోజూ పాలు పోయాల్సిన రైతుకు ఇది కష్టమే. ఊరు తెలిసిన మెకానిక్ అందుకే ‘మొదటి వారం సగం క్యానే పెట్టు, మిగతాది మీ తమ్ముడి బండి మీద పంపు’ అని చెప్పి మరీ తాళం చేతికిస్తాడు.